డీడాస్ దాడులను గుర్తించే మోడల్‌కు 99 శాతం ఖచ్చితత్వం వస్తోంది: దీన్ని శ్రీకాకుళంలోని ఒక నెట్‌వర్కులో పెట్టవచ్చా?

సువర్ణముఖి (రాజాం, బి.టెక్ చివరి సంవత్సరం)

అందరికీ నమస్కారం. డీడాస్ దాడులను (అనేక కంప్యూటర్ల నుంచి ఒకేసారి విరుచుకుపడి ఒక సేవను అందకుండా చేసేవి) మెషీన్ లెర్నింగ్‌తో గుర్తించడం మా బృందం ఎంచుకున్న ప్రాజెక్టు. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ విశ్వవిద్యాలయం వారు విడుదల చేసిన 2017 నాటి డేటాసెట్‌తోను, అదే సంస్థ 2019లో డీడాస్ కోసమే తయారుచేసిన డేటాసెట్‌తోను ర్యాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్, ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ అనే మూడు మోడళ్లకు శిక్షణ ఇచ్చాము. వరుసలన్నింటినీ కలగలిపి 80 శాతం శిక్షణకు, 20 శాతం పరీక్షకు విడదీస్తే మూడు మోడళ్లూ 99 శాతానికి పైబడిన ఖచ్చితత్వాన్ని చూపిస్తున్నాయి.

శ్రీకాకుళంలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక స్థానిక ఆపరేటరు దగ్గర దీన్ని అమర్చి చూపిస్తే ప్రాజెక్టుకు విలువ పెరుగుతుందని మా గైడు సూచించారు. రౌటరు పక్కన ఒక కంప్యూటరు పెట్టి, వస్తున్న ట్రాఫిక్‌ను మోడల్‌కు అందించి, దాడి చేస్తున్నట్టు తేలిన ఐపీ అడ్రసులను మనిషి ప్రమేయం లేకుండా బ్లాక్ చేయించాలని అనుకుంటున్నాము. మూడింటిలో ఏ మోడల్ అనుకూలమో, ఎంత సామర్థ్యమున్న కంప్యూటరు అవసరమో అనుభవమున్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

మూడు లాంతర్లు (విజయనగరం, అధ్యాపకుడు)

అమ్మా, ఏ మోడల్ అన్న ప్రశ్నకు ముందు ఆ 99 శాతం ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

2019 డేటాసెట్‌నే తీసుకోండి. పరిశోధన పత్రాలలో తరచుగా కనిపించే లెక్క ప్రకారం అందులో మొత్తం 5,00,63,112 ఫ్లో రికార్డులు (రెండు కంప్యూటర్ల మధ్య ఒక సంభాషణలోని ప్యాకెట్లన్నీ కలిపి ఒక ఫ్లో) ఉండగా, దాడికి చెందినవి 5,00,06,249, మామూలు ట్రాఫిక్‌కు చెందినవి 56,863 మాత్రమే. ప్యాకెట్ల వంక చూడనైనా చూడకుండా ప్రతి వరుసకూ "దాడి" అని జవాబిచ్చే రెండు పంక్తుల ప్రోగ్రాము రాసినా దానికి 99.89 శాతం ఖచ్చితత్వం వస్తుంది. అందువల్ల ఈ డేటాసెట్ మీద ఖచ్చితత్వం అనే ఒక్క సంఖ్యను చూపించి ఎవరినీ ఒప్పించలేరు. మామూలు ఫ్లోలలో ఎన్నింటిని మోడల్ దాడిగా లెక్కగట్టిందో, ఒక్కొక్క రకం దాడిలో ఎన్నింటిని వదిలేసిందో విడివిడిగా చెప్పవలసి ఉంటుంది.

2017 డేటాసెట్‌లో చిక్కు వేరు. జులై 3 సోమవారం నుంచి జులై 7 శుక్రవారం దాకా ఐదు రోజుల ట్రాఫిక్‌ను ఒక ప్రయోగశాలలో నమోదు చేశారు. హల్క్, గోల్డెన్‌ఐ, స్లోలోరిస్ వంటి డాస్ దాడులు (ఒకే కంప్యూటరు నుంచి చేసేవి) బుధవారం నాడు, డీడాస్ దాడి శుక్రవారం మధ్యాహ్నం జరిగాయి. బయటి నుంచి వచ్చిన దాడులు ఫైర్‌వాల్ చేసే చిరునామా మార్పిడి వలన 172.16.0.1 అనే ఒకే ఐపీ నుంచి వచ్చినట్టు నమోదయ్యాయి. దెబ్బతిన్న వెబ్ సర్వరు 192.168.10.50. ఫ్లో ఐడీ, మూలం ఐపీ, గమ్యం ఐపీ, సమయం అనే నిలువు వరుసలను మీరు తొలగించకపోతే, మోడల్ దాడి స్వభావాన్ని గాక ఆ రెండు అడ్రసులనే కంఠస్థం చేసి ఉంటుంది. తొలగించినా సరే, ఒకే సాధనంతో ఒకే గంటలో పుట్టిన లక్షల ఫ్లోలు దాదాపు ఒక్క అచ్చులో ఉంటాయి కనుక, వాటిని కలగలిపి విడదీసినప్పుడు పరీక్షకు ఉంచిన ప్రతి వరుసకూ కవల వంటిది శిక్షణ భాగంలో ఉండనే ఉంటుంది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఈ డేటాసెట్‌ను మొదటి నుంచి తరచి చూసి, ఫ్లోలను తయారుచేసిన సాధనం టీసీపీ కనెక్షన్‌ను మొదటి ఫిన్ (ముగింపును సూచించే) ప్యాకెట్ దగ్గరే ముగించేయడం వల్ల మిగిలిన ఒకటి రెండు ప్యాకెట్లు కొత్త ఫ్లోలుగా నమోదయ్యాయని, లేబుళ్లలో కూడా తప్పులున్నాయని చూపించారు.

ఇది కొత్త జబ్బు కాదు. చొరబాట్లను గుర్తించడం మీద 1999లో జరిగిన కేడీడీ పోటీ డేటాలో పది శాతం నమూనా 4,94,021 రికార్డులైతే, అందులో 2,80,790 స్మర్ఫ్ అనే ఒక్క దాడికి చెందినవి. ఆ దాడి వాడుకునే బ్రాడ్‌కాస్ట్ అడ్రసుకు (నెట్‌వర్కులోని అందరికీ చేరేదానికి) వచ్చిన ప్యాకెట్లను రౌటర్లు వేరుగా చెబితే తప్ప ముందుకు పంపరాదని అదే ఏడాది ఆగస్టులో ప్రమాణాన్ని మార్చడంతో ఆ దాడికి క్రమంగా కాలం చెల్లింది, కాని మన పరీక్ష పత్రాలలో అది మరో ఇరవై ఏళ్లు బతికింది. ఆ డేటాకు మూలమైన డార్పా (అమెరికా రక్షణ పరిశోధన సంస్థ) ప్రయోగ ట్రాఫిక్‌లో దాడి ప్యాకెట్లలో చాలావాటి టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే అంకె) 126 లేదా 253 అని, మామూలు ప్యాకెట్లకు 127 లేదా 254 అని 2003లో మహోనీ, చాన్ అనే ఇద్దరు పరిశోధకులు బయటపెట్టారు. అంటే ఆ ఒక్క అంకెను చూసినా దాడి తెలిసిపోతుంది. ప్రయోగశాలలో తయారైన డేటాలో ఇటువంటి అడ్డదారులు ఎక్కడో ఒకచోట ఉంటాయి, మోడల్ వాటిని మనకంటే ముందుగా కనిపెడుతుంది.

నాగావళి తీరం (శ్రీకాకుళం, స్థానిక ఇంటర్నెట్ ఆపరేటరు దగ్గర నెట్‌వర్క్ ఇంజనీరు)

మాస్టారు డేటా గురించి చెప్పారు. నేను పెట్టె ఎక్కడ పెడతారన్న దాని గురించి చెబుతాను.

మాలాంటి చిన్న ఆపరేటరుకు పైస్థాయి ప్రొవైడర్ల నుంచి ఒకటో రెండో లింకులు ఉంటాయి. ఆ లింకు సామర్థ్యం ఒక గిగాబిట్ అనుకోండి. ఐదు గిగాబిట్ల దాడి వస్తే లింకు నిండిపోయేది విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉన్న అవతలి కొస దగ్గర. మా రౌటరు దాకా చేరేది మిగిలిన తుంపు మాత్రమే. అప్పుడు మా రౌటరు పక్కన ఉన్న మీ కంప్యూటరు ఎంత గొప్పగా గుర్తించి ఎన్ని ఐపీలను బ్లాక్ చేసినా, మా చందాదారుడికి ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. అటువంటి సమయంలో మేము చేయగలిగేది దాడికి గురైన ఒక్క అడ్రసును బీజీపీ (నెట్‌వర్కులు దారులను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) ద్వారా బ్లాక్‌హోల్ చేయమని, అంటే దానికి వచ్చే ట్రాఫిక్ మొత్తాన్ని పారేయమని, పై ప్రొవైడరుకు ప్రకటించడం, లేదా వారు ఫ్లోస్పెక్ (ఏ రకం ట్రాఫిక్‌ను ఆపాలో చెప్పే నియమాలు పంపే పద్ధతి) అనుమతిస్తే ఫలానా పోర్టు నుంచి వచ్చే యూడీపీని (ముందుగా కనెక్షన్ పెట్టుకోకుండా పంపే ట్రాఫిక్‌ను) మాత్రమే ఆపమని కోరడం. మొదటి పద్ధతిలో ఆ ఒక్క చందాదారుడు పోతాడు, మిగిలిన వేలమంది బతుకుతారు.

రెండవది, మీరు ప్రతి ప్యాకెట్‌నూ చూద్దామనుకుంటున్నట్టున్నారు. ఒక గిగాబిట్ లింకు మీద అతి చిన్న ఈథర్నెట్ ప్యాకెట్లు వస్తే సెకనుకు 14,88,095 వరకు ఉంటాయి. పైథాన్‌లో రాసిన ప్రోగ్రాము ఆ వేగానికి అందుకోదు. పైగా మీ డేటాసెట్‌ను తయారుచేసిన సాధనం ఒక ఫ్లో ముగిశాక, లేదా 120 సెకన్లు గడిచాక దాని సగటులూ విచలనాలూ లెక్కగట్టి ఇస్తుంది. ఫ్లో ముగిసిన తరువాత అది దాడి అని తెలుసుకుని మేమేం చేసుకోవాలి?

మూడవది అన్నింటికంటే ప్రమాదకరం. నకిలీ మూలం అడ్రసులతో సిన్ ఫ్లడ్ (కనెక్షన్ కోరే సిన్ ప్యాకెట్ల వరద) వస్తే ప్రతి ప్యాకెట్టూ మీ పట్టికలో ఒక కొత్త ఫ్లో అవుతుంది. సర్వరుకు సిన్ కుకీల (కనెక్షన్ పూర్తయ్యేదాకా మెమరీ కేటాయించని పద్ధతి) రక్షణ 1996 నుంచీ ఉంది. మీ డిటెక్టరుకు లేదు. దాడిలో ముందుగా పడిపోయేది అదే.

ఇక ఐపీలను దానంతట అదే బ్లాక్ చేయించే ఆలోచనను దయచేసి మానుకోండి. మొబైల్ నెట్‌వర్కులలో వందలాది మంది ఒకే ఐపీవీ4 అడ్రసు వెనుక ఉంటారు. అందులో ఒకరి ఫోనుకు మాల్వేర్ పట్టిందని ఆ అడ్రసును ఆపితే, మిగిలిన వారందరినీ ఆపినట్టే. మూలం అడ్రసు నకిలీదైతే మరీ దారుణం: ఎవడో ఒక బ్యాంకు సర్వరు అడ్రసుతో ప్యాకెట్లు పంపితే, మీ మోడల్ ఆ బ్యాంకును మా జిల్లాకు లేకుండా చేస్తుంది.

సువర్ణముఖి

మాస్టారికి, నాగావళి గారికి ధన్యవాదాలు. ఐపీ, సమయం నిలువు వరుసలను తొలగించాము గాని, గమ్యం పోర్టును ఉంచాము. దాన్ని కూడా తీసి చూస్తాము. అయితే ఒక సందేహం. అపాయం ఇంత ఉన్నప్పటికీ బ్లాక్ చేయకుండా కేవలం హెచ్చరిక మాత్రమే పంపితే నష్టమేమీ ఉండదు కదా?

చంపావతి (విజయనగరం జిల్లా, గణాంకశాస్త్రం)

ఉంటుంది. రోజుకు పది లక్షల ఫ్లోలు వస్తున్నాయనీ, వాటిలో నిజంగా హానికరమైనవి వంద అనీ అనుకుందాం. మీ మోడల్ నూటికి తొంభై తొమ్మిది దాడులను పడుతుంది, వెయ్యి మామూలు ఫ్లోలలో ఒక్కదానినే పొరబడుతుంది. కాగితం మీద ఇది అద్భుతమైన మోడల్. కాని రోజు చివరికి అది మోగించే గంటలు సుమారు 1,099, వాటిలో నిజమైనవి 99. పదకొండు హెచ్చరికలలో పది అబద్ధాలైతే, మూడవ రోజుకు నాగావళి గారు ఆ కిటికీని మూసేసి తమ పని తాము చూసుకుంటారు. స్వీడన్‌కు చెందిన ఆక్సెల్‌సన్ 2000లో ప్రచురించిన విశ్లేషణ సారాంశం ఇదే: చొరబాటును గుర్తించే వ్యవస్థల ఉపయోగాన్ని నిర్ణయించేది అవి ఎన్ని దాడులను పడతాయన్నది కాదు, ఎంత తక్కువగా పొరబడతాయన్నది.

మహేంద్రగిరి (స్వస్థలం పలాస, ప్రస్తుతం ఒక డేటా సెంటరులో భద్రతా విశ్లేషకుడు)

చంపావతి గారి లెక్క తప్పు కాదు గాని, డీడాస్‌కు అది యథాతథంగా అన్వయించదని నా అభిప్రాయం. చొరబాటు దాడిలో పది లక్షల ఫ్లోల మధ్య ఒకటో రెండో దాగి ఉంటాయి, కనుక ఫ్లోను ప్రమాణంగా తీసుకోవడం సబబే. ట్రాఫిక్‌ను ముంచెత్తే దాడిలో పరిస్థితి తలకిందులవుతుంది. దాడి నడిచే ఇరవై నిమిషాలలో ఫ్లోలలో అత్యధికం దాడివే, మిగిలిన రోజంతా ఒక్కటీ ఉండదు. కాబట్టి ఇక్కడ అడగవలసింది "ఈ ఫ్లో దాడా?" అని కాదు, "ఈ నిమిషంలో ఫలానా అడ్రసు దాడికి గురవుతోందా?" అని.

నిమిషాన్ని ప్రమాణంగా తీసుకుంటే రోజుకు 1,440 నిర్ణయాలు ఉంటాయి. ఒక శాతం పొరబడినా రోజుకు పద్నాలుగు తప్పుడు హెచ్చరికలు, అదీ గమనిస్తున్న ఒక్కొక్క అడ్రసుకు. భరించడం కష్టమే అయినా బాగుచేయడానికి వీలున్న సంఖ్య ఇది. వరుసగా మూడు నిమిషాలు అదే జవాబు వస్తేనే గంట మోగాలని నియమం పెట్టవచ్చు.

చంపావతి

ప్రమాణం గురించి మీరు చెప్పినదానితో ఏకీభవిస్తాను. కాని వరుస నిమిషాలలో జరిగే పొరపాట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుని 0.01ని మూడుసార్లు గుణించి పది లక్షలలో ఒకటి అని రాసేయకండి. ఒక నిమిషం పొరబడటానికి కారణమైనది, ఉదాహరణకు ఏదో పెద్ద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, తరువాతి అరగంట కూడా అక్కడే ఉంటుంది.

ఉద్దానం (సోంపేట వైపు, వెబ్ సర్వర్ల నిర్వహణ)

ఆ "ఏదో పెద్ద" సంఘటనలే మా ప్రాంతంలో అసలు సమస్య. నేను పరీక్షా ఫలితాలు చూపించే ఒక సైటును కొంతకాలం చూసుకున్నాను. ఫలితాలు విడుదలైన నిమిషంలో అభ్యర్థనలు మామూలు కంటే వందల రెట్లు పెరుగుతాయి, వేలాది కొత్త అడ్రసులు ప్రత్యక్షమవుతాయి, అందరూ ఒకే పేజీని అడుగుతారు, పేజీ రాకపోతే మళ్లీ మళ్లీ నొక్కుతారు. ఎన్‌ట్రోపీ (విలువలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయన్న కొలత) చూసినా, సెకనుకు ప్యాకెట్ల సంఖ్య చూసినా పాఠ్యపుస్తకంలో వర్ణించిన డీడాస్‌కు దీనికి తేడా కనిపించదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే మంగళవారం నాడు కోట ముందు నిలబడి జనాన్ని లెక్కపెట్టి, ఊరి మీద దండయాత్ర జరుగుతోందని తేల్చినట్టు ఉంటుంది ఆ మోడల్ తీర్పు.

నాగావళి తీరం

నా అనుభవంలో అంతకంటే మోసం చేసేది కరెంటు. గాలివాన వచ్చి ఒక మండలం మొత్తానికి సరఫరా ఆగిపోయి, రెండు గంటల తరువాత ఒక్కసారిగా తిరిగి వచ్చిందనుకోండి. అన్ని ఇళ్లలోని రౌటర్లూ ఒకే నిమిషంలో లేచి పీపీపీఓఈ లాగిన్ కోసం ఎగబడతాయి, ఆ వెంటనే ప్రతి ఫోనూ, ప్రతి టీవీ పెట్టె కూడా డీఎన్‌ఎస్ ప్రశ్నలు (సైటు పేరు చెప్పి దాని అడ్రసు అడిగేవి) కురిపిస్తాయి. మా లాగిన్ సర్వరు దృష్టిలో అది దాడే, ఎందుకంటే దాని ఫలితం దాడితో సమానం. కాని ఆపవలసిన శత్రువు లేడు, ఉన్నవారందరూ బిల్లు కట్టిన చందాదారులు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత పలాస, వజ్రపుకొత్తూరు వైపు సరఫరా ఊరికొక రోజున విడతలుగా తిరిగి వచ్చినప్పుడు అటువంటి ఉప్పెనలు ఎన్ని వచ్చి ఉంటాయో ఊహించుకోండి. సంక్రాంతికి వలస వెళ్లినవారందరూ ఊళ్లకు చేరినప్పుడు ఉద్దానం పల్లెల్లో రాత్రి ట్రాఫిక్ మరో రూపం దాలుస్తుంది. కెనడా ప్రయోగశాలలో ఐదు పనిదినాలు నమోదు చేసిన "మామూలు"లో ఇవేవీ లేవు.

మూడు లాంతర్లు

ఈ రెండింటినీ విడదీయడానికి కొంత ఆధారం ఉంది. 2002లో జంగ్, కృష్ణమూర్తి, రాబినోవిచ్ అనే పరిశోధకులు వెబ్ సర్వర్ల చిట్టాలను పరిశీలించి, నిజమైన జనసందోహంలో వచ్చే అడ్రసుల సమూహాలలో అధికభాగం అంతకు ముందు కూడా ఆ సైటుకు వచ్చినవే అయి ఉంటాయని, దాడిలో మాత్రం మునుపెన్నడూ కనిపించని సమూహాలే ఎక్కువని గమనించారు. జనసందోహంలో మనుషుల సంఖ్య పెరుగుతుంది గాని ఒక్కొక్కరు అడిగే వేగం పెరగదు, పైగా సర్వరు నెమ్మదించినకొద్దీ తగ్గుతుంది.

కనుక సువర్ణముఖి గారి బృందం ఎనభై లక్షణాల పట్టికను పక్కనబెట్టి, ఒక్కొక్క గమ్యం అడ్రసుకు నిమిషానికొకసారి ఈ కొన్నింటిని లెక్కించి చూడాలని నా సూచన: గత నెలలో కనిపించిన నెట్‌వర్కుల నుంచి వచ్చిన అభ్యర్థనల వాటా, వచ్చిన సిన్ ప్యాకెట్లలో హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో ఇరువైపులా జరిగే పలకరింపు) పూర్తి చేసినవాటి నిష్పత్తి, ప్యాకెట్ల పరిమాణంలో ఎన్‌ట్రోపీ, లోపలికి వచ్చే బైట్లకు బయటికి వెళ్లే బైట్లకు మధ్య నిష్పత్తి. మూలం అడ్రసును నకిలీ చేసినవాడు హ్యాండ్‌షేక్‌ను పూర్తి చేయలేడు. ఒకే ప్రోగ్రాముతో పుట్టిన ప్యాకెట్లు తరచుగా ఒకే పొడవుతో ఉంటాయి, పదివేల మంది విద్యార్థుల ఫోన్లు పంపేవి అలా ఉండవు. అడ్రసులను లెక్కపెట్టడానికి పెద్ద పట్టికలు పెట్టకండి. కౌంట్-మిన్ స్కెచ్, హైపర్‌లాగ్‌లాగ్ వంటి ఉజ్జాయింపు లెక్క చెప్పే నిర్మాణాలు దాడి ఎంత పెద్దదైనా ముందుగా కేటాయించిన మెమరీలోనే సరిపెట్టుకుంటాయి. నాగావళి గారు చెప్పిన మూడవ ప్రమాదానికి ఇది జవాబు.

మహేంద్రగిరి

మాస్టారి జాబితాకు ఒక మెలిక. పైన చెప్పిన రెండు తేడాలూ 2002 నాటివి. ఇప్పటి బాట్‌నెట్లలో (దాడి చేసేవాడి చేతిలో పడిన పరికరాల దండులలో) నిజమైన ఇళ్లలోని కెమెరాలు, రౌటర్లు, టీవీ పెట్టెలు ఉంటాయి. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ చూపించింది అదే; తయారీదారు పెట్టిన పాస్‌వర్డులు మార్చని పరికరాలను కూడగట్టి, ఆ ఏడాది అక్టోబరు 21న డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థను దెబ్బతీస్తే ఎన్నో పెద్ద సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. అటువంటి పరికరాలు హ్యాండ్‌షేక్‌ను శుభ్రంగా పూర్తి చేస్తాయి.

మరోవైపు, అతి పెద్ద దాడులకు మెషీన్ లెర్నింగ్ అక్కర్లేదన్నది కూడా నిజం. 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ (ప్రోగ్రాముల కోడ్‌ను ఉంచుకునే సైటు) మీదికి సెకనుకు 1.35 టెరాబిట్ల ట్రాఫిక్ వచ్చింది. అది మెమ్‌క్యాష్డ్ (డేటాను తాత్కాలికంగా దాచే) సర్వర్ల నుంచి ప్రతిఫలించిన, అంటే బాధితుడి అడ్రసుతో అడిగితే జవాబుగా అతడి మీద వచ్చిపడిన యూడీపీ, మూలం పోర్టు 11211. బయటి నుంచి ఆ పోర్టుతో మీ చందాదారుడికి ప్యాకెట్ రావలసిన పని మామూలుగా ఉండదు. ఒక్క ఫిల్టరు పంక్తి చాలు. ఇలాగే ప్రతిఫలించే ఇతర సేవల పోర్టులు: ఎన్‌టీపీకి 123, ఎస్‌ఎస్‌డీపీకి 1900, సీఎల్‌డాప్‌కు 389. వీటిని పట్టడానికి న్యూరల్ నెట్‌వర్కుకు శిక్షణ ఇచ్చామని చెబితే పరీక్షకుడు సంతోషిస్తాడేమో గాని, నెట్‌వర్క్ మనిషి నవ్వుతాడు.

ఆ కొసన ఇవి ఉంటే, ఈ కొసన మోడల్‌కు కనిపించనివి ఉన్నాయి. 2023 అక్టోబరులో బయటపెట్టిన ర్యాపిడ్ రీసెట్ దాడిలో హెచ్‌టీటీపీ/2 కనెక్షన్ లోపల అభ్యర్థన పంపడం, వెంటనే రద్దు చేయడం అనే చిన్న కిటుకుతో గూగుల్ మీద సెకనుకు 39.8 కోట్ల అభ్యర్థనలు నమోదయ్యాయి. అదంతా ఎన్‌క్రిప్షన్ లోపల జరిగే వ్యవహారం. బయటి నుంచి ఫ్లోలను చూసేవాడికి కొన్ని చురుకైన కనెక్షన్లు తప్ప మరేమీ కనబడవు, 2017 డేటాతో శిక్షణ పొందిన మోడల్‌కు ఆ కిటుకు గురించి తెలిసే అవకాశమే లేదు.

ఉద్దానం

అయితే మెషీన్ లెర్నింగ్ ఎక్కడ పనికొస్తుందంటారు? ఇప్పటిదాకా అందరూ ఎక్కడ పనికిరాదో చెబుతున్నారు.

మహేంద్రగిరి

మధ్యలో. ఒక్క పోర్టు నియమానికి దొరకనివి, అలాగని లింకును నింపనివి. రెండు మూడు మార్గాలు కలిపి వచ్చేవి, ఐదేసి నిమిషాలు ఒక్కొక్క అడ్రసు మీద పడి తరువాత పక్క అడ్రసుకు మారుతూ అడ్రసుల బ్లాక్ మొత్తాన్ని తడిపేవి. రెండవ రకంలో ఏ ఒక్క అడ్రసుకూ హద్దు దాటదు, మొత్తం చూస్తే తప్ప తెలియదు. చేత్తో హద్దులు రాసేవాడు దాన్ని తరచుగా కోల్పోతాడు. అన్నింటికంటే ముఖ్యంగా, "ఈ నెట్‌వర్కుకు ఈ గంటలో మామూలు ఎంత?" అన్న ప్రశ్నకు జవాబు నేర్చుకోవడం. దాడిని నేర్పడం కంటే మామూలును నేర్పడం మీదనే మీ శ్రమ పెట్టండి.

చంపావతి

మామూలును నేర్పడం అనగానే విద్యార్థులు ఆటోఎన్‌కోడర్ (మామూలును నేర్చుకుని భిన్నమైనదాన్ని చూపించే న్యూరల్ నెట్‌వర్క్) దగ్గరికి పరుగెత్తుతారు, అందుకే ముందుగా చెబుతున్నాను. 1954లో పేజ్ ప్రతిపాదించిన క్యూసమ్ అనే పద్ధతి ఉంది. అంచనాకు మించి వచ్చిన తేడాను కూడుతూ పోయి, కూడిక ఒక హద్దు దాటితే మార్పు జరిగిందని చెబుతుంది. సిన్ ప్యాకెట్లకు ఫిన్ ప్యాకెట్లకు మధ్య తేడాను దీనికి అందించి సిన్ ఫ్లడ్‌ను గుర్తించవచ్చని 2002లోనే వాంగ్, జాంగ్, షిన్ చూపించారు. దీనికి జీపీయూ అక్కర్లేదు. హెచ్చరిక ఎందుకు వచ్చిందో ఆపరేటరుకు ఒక్క వాక్యంలో వివరించవచ్చు. మీ న్యూరల్ నెట్‌వర్కు ముందుగా దీన్ని ఓడించాలి. ఓడించలేకపోతే ప్రాజెక్టు నివేదికలో ఆ మాటే రాయండి, అది కూడా ఫలితమే.

మామూలు మారుతూ ఉంటుంది కనుక ఏ పద్ధతికైనా మళ్లీ మళ్లీ శిక్షణ అవసరం. ఆ శిక్షణలో ఒక లోపం పొంచి ఉంది. దాడి చేసేవాడు రోజూ కొంచెం కొంచెంగా ట్రాఫిక్ పెంచుకుంటూ పోతే, మీ మోడల్ దాన్ని మామూలుగా అలవాటు చేసుకుంటుంది.

సువర్ణముఖి

మీరందరూ చెప్పిన మేరకు 2017 డేటాను రోజుల వారీగా విడదీసి, బుధవారం డాస్ దాడులతో శిక్షణ ఇచ్చి శుక్రవారం డీడాస్ మీద పరీక్షించాము. గమ్యం పోర్టును కూడా తొలగించాము. మునుపటి సంఖ్యలకు, వీటికి పోలిక లేదు. దాడి ఫ్లోలను గుర్తించడంలో మూడు మోడళ్లూ బాగా పడిపోయాయి, అందులోనూ న్యూరల్ నెట్‌వర్క్ ఎక్కువగా పడిపోయింది. శిక్షణ భాగంలో హల్క్ ఫ్లోలు 2,31,073 ఉంటే స్లోలోరిస్ 5,796 మాత్రమే కావడం వల్ల మోడల్ దృష్టిలో దాడి అంటే హల్క్ అన్నట్టే అయిందని మా గైడు అన్నారు. ఇప్పుడు నిమిషానికొక వరుస చొప్పున కొత్త పట్టిక తయారుచేస్తున్నాము.

నాగావళి గారు, మీ నెట్‌వర్కు నుంచి ప్యాకెట్లు అవసరం లేకుండా కేవలం ఎస్‌ఫ్లో నమూనాలు (పరికరం కొన్ని ప్యాకెట్ల వివరాలను మాత్రమే తీసి పంపేవి) ఇవ్వడానికి వీలవుతుందా? స్లోలోరిస్‌ను కూడా వాటిలోనే పట్టవచ్చునా?

మహేంద్రగిరి

రెండవ ప్రశ్నకు నేను జవాబిస్తాను: పట్టలేరు. వెయ్యి ప్యాకెట్లలో ఒకదాన్ని తీసుకునే నమూనాలో ముంచెత్తే దాడి చక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే లక్షల ప్యాకెట్లలో వందలు మీ చేతికి వస్తాయి. స్లోలోరిస్ అయితే కొన్ని వందల కనెక్షన్లు తెరిచి, ఒక్కొక్కదానిలో పది పదిహేను సెకన్లకొకసారి హెడరు ముక్క పంపుతూ కూర్చుంటుంది. ఆ ప్యాకెట్లలో ఒక్కటి కూడా మీ నమూనాలో పడకపోవచ్చు. దాన్ని వెబ్ సర్వరు దగ్గరే, పూర్తికాని అభ్యర్థనల సంఖ్యను, అవి ఎంతసేపటి నుంచి తెరిచి ఉన్నాయన్నదాన్ని చూసి పట్టాలి, లేదా హెడర్లకు గడువు పెట్టాలి. 2009 నాటి ఆ సాధనానికి సర్వరు అమరికలోనే మందు ఉంది. మీ ప్రాజెక్టు పరిధిలోంచి దాన్ని తీసేయండి.

మరొక జాగ్రత్త. పరీక్ష కోసం దాడి ట్రాఫిక్ పుట్టించవలసి వస్తే కళాశాల ప్రయోగశాలలో బయటికి దారిలేని స్విచ్ మీదనే చేయండి, మినీనెట్‌లో (కంప్యూటరు లోపలే నెట్‌వర్కును అనుకరించే సాఫ్ట్‌వేర్) అయితే ఇంకా మంచిది. ఇతరుల కంప్యూటరు సేవకు అంతరాయం కలిగించడం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది; దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రాజెక్టు కోసమన్న మాట పోలీసులకు వివరించుకునే పరిస్థితి తెచ్చుకోకండి.

నాగావళి తీరం

ఎస్‌ఫ్లో ఇవ్వడానికి మా యజమాని సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. కళాశాల నుంచి లిఖితపూర్వకమైన కోరిక రావాలి. చందాదారుల అడ్రసులను నెట్‌వర్కు భాగం పోలిక చెడకుండా మారుపేర్లుగా మార్చే పద్ధతులు ఉన్నాయి, వాటిలో ఒకటి మా దగ్గరే నడిపి ఆ తరువాతే ఇస్తాము. కరెంటు పోయిన, వచ్చిన సమయాలు, లింకు తెగిన సమయాలు, నిజంగా దాడి జరిగిందని మేము నమోదు చేసుకున్న సమయాలు ఒక పట్టికగా జతచేస్తాము. మీకు లేబుళ్లు అవే. అవి తక్కువే ఉంటాయి, కొన్నింటి విషయంలో మాకే అనుమానం ఉంటుంది. అనుమానం ఉన్న నిమిషాలను శిక్షణలోనూ పరీక్షలోనూ వదిలేయండి.

వరుసగా కొన్ని వారాలు మీ ప్రోగ్రాము చూస్తూ మాత్రమే ఉండాలి, రౌటరుకు ఏ ఆదేశమూ పంపకూడదు. హెచ్చరిక వచ్చినప్పుడు నాకు "దాడి, నమ్మకం 0.97" అని పంపితే దానితో నేనేమీ చేయలేను. దెబ్బ తింటున్న అడ్రసు ఏది, ప్రోటోకాల్ ఏది, మూలం పోర్టు ఏది, సెకనుకు ఎన్ని ప్యాకెట్లు, ఆ గంటకు మామూలుగా ఎన్ని ఉంటాయి, ట్రాఫిక్ ఎక్కువగా ఏ నెట్‌వర్కుల నుంచి వస్తోంది, వాటిలో మునుపు చూసినవి ఎంత శాతం అన్న వివరాలు ఒకే సందేశంలో ఉండాలి. రాత్రి రెండు గంటలకు ఫోను మోగితే, అది చదివి ఆ అడ్రసును బ్లాక్‌హోల్ చేయాలో, పై ప్రొవైడరుకు పోర్టు ఫిల్టరు పెట్టమని చెప్పాలో, లేక కరెంటు ఇప్పుడే వచ్చిందని పడుకోవాలో నిమిషంలో తేల్చుకోగలగాలి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇటువంటి ఘటనను తెలిసిన ఆరు గంటలలోగా నివేదించాలి, చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి. మీ సందేశం సరిగ్గా ఉంటే ఆ నివేదికలో సగం అదే అవుతుంది. దానికి కావలసిన కంప్యూటరు గురించి మొదట అడిగారు కదా, ఈ మాత్రం పనికి మా దగ్గర మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ సరిపోతుంది. ఎస్‌ఫ్లోను యూడీపీ పోర్టు 6343కు పంపేలా అమర్చి ఉంచుతాను, ఉత్తరం తీసుకుని రండి.